డ్రెస్సింగ్ రూంలోకి ఆ కండ్ల డబ్బా తీసుకపోవచ్చా?

కడప జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

“సిస్టరమ్మకు నమస్తే. మాది కమలాపురం దగ్గర పల్లె. మా పాపకు పదకొండేండ్లు. పన్నెండు రోజుల కిందట స్నానానికి కాగిన నీళ్ళ బకెట్ ఒలికి ఎడమ తొడ, మోకాలి కింది దాకా కాలింది. రోజు మార్చి రోజు కట్టు మార్పించను కడపకు పోతాండాం. బస్సు దిగి ఆస్పత్రి గేటు చూస్తానే ఏడుపు మొదలు. లోపల ఇద్దరం పట్టుకుంటే గానీ ఆగదు. ఇంటికొచ్చినాక నాతో మాట్లాడదు. బెంగళూరులో ఉండే మా తమ్మునికి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఉంది, కండ్లకు కట్టుకునే డబ్బా లాంటిది, పెట్టుకుంటే చుట్టూ ఆటలోని లోకమే కనపడుతుందంట. అది పెట్టుకుని ఆడుకుంటాంటే నొప్పి తెలీదంట, అమెరికా ఆస్పత్రుల్లో వాడతారంట. తెస్తానంటాండాడు, బాగుంటే మాకొకటి కొనిస్తానంటాండాడు. మా అత్త ససేమిరా ఒప్పుకోదు. కండ్లు పోతాయంట, నొప్పి తెలీకపోతే పుండు మానదంట. ఏం చేయాల సిస్టరమ్మా?”

అమ్మా,

తమ్ముణ్ణి తెమ్మను. కొనొద్దని మాత్రం గట్టిగా చెప్పు. అతను తెచ్చేలోపు నువ్వు డాక్టరును అడగాల్సిన మాట ఒకటుంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివినా అది నాకు కనపడలేదు. కట్టు విప్పే ముందు పాపకు నొప్పి మందు ఇస్తున్నారా? ఇస్తే ఎంత ముందు ఇస్తున్నారు?

నోటితో వేసుకునే నొప్పి మందు పని మొదలుపెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. చాలామంది తల్లులు కట్టు మార్చడం అయిపోయాక, పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాక, ఇంటికి పోయి మాత్ర వేస్తారు. అది ఆ రాత్రికి పనికొస్తుంది, డ్రెస్సింగ్‌కు పనికిరాదు. నువ్వు కమలాపురంలో బస్సెక్కే టైం, కడపలో లోపలికి పిలిచే టైం లెక్కేసుకుని, ఏ మందు ఏ బరువుకు ఎంత, బస్సెక్కేటప్పుడు వేయాలా దిగాక వేయాలా అని డాక్టరును చీటీ మీద రాయించుకో. మెడికల్ షాపులో అడిగి వేయొద్దు. మామూలు మందు సరిపోదని డాక్టరుకు అనిపిస్తే ఇంకా గట్టివి ఉన్నాయి. పెద్ద గాయాలకు మత్తు డాక్టరును పక్కన పెట్టుకుని చేస్తారు. పన్నెండు రోజుల తర్వాత కూడా ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోందంటే, ఆ సంగతి డాక్టరు చెవిన పడాలి. డ్రెస్సింగ్ రూంలో ఏడుపు వినేది సిస్టర్లు, వార్డు బాయ్‌లు. మందు రాసే మనిషి అప్పటికి ఓపీలో ఉంటాడు.

వీఆర్ నొప్పి మందుకు తోడు మాత్రమే, దాని బదులు కాదు. అమెరికాలో దీన్ని మొదలుపెట్టినవాళ్ళు కూడా మందు ఆపి ఇది పెట్టలేదు, మందుతో పాటే పెట్టారు.

ఆ కథ నీకూ మీ అత్తకూ చెప్తాను, వినిపించు. సియాటిల్ ఊళ్ళో హార్బర్‌వ్యూ అని కాలిన గాయాలకు పేరున్న ఆస్పత్రి ఉంది. అక్కడ హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు 1996లో ఈ పని మొదలుపెట్టారు. కాలిన ఇద్దరు కుర్రాళ్ళకు గాయం శుభ్రం చేసేటప్పుడు కాసేపు టీవీకి తగిలించే వీడియో గేమ్ ఇచ్చారు, కాసేపు వీఆర్ పెట్టారు. వీఆర్‌లో ఉన్నప్పుడు నొప్పి బాగా తక్కువైందని ఇద్దరూ చెప్పారు. అది 2000లో వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత కాలినవాళ్ళ కోసమే ఒక ఆట తయారుచేశారు, పేరు స్నోవరల్డ్. అంతా మంచు. మంచు లోయలో తేలిపోతూ మంచుబొమ్మల మీదికి, పెంగ్విన్ల మీదికి మంచు ఉండలు విసరడమే ఆట. నిప్పుతో కాలినవాళ్ళకు మంచు! నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది అదే. ఎవరో కూర్చుని ఆలోచించారు చూడు, మంటలో ఉన్న మనిషిని ఎక్కడికి తీసుకపోవాలి అని. మన కడప ఎండల్లో పెంగ్విన్ను చూస్తే మామూలు మనిషికే ప్రాణం లేచొస్తుంది.

ఎట్లా పనిచేస్తుందంటావా? తిరుణాలలో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే కాలికి ముల్లు దిగుతుంది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక తెలుస్తుంది నొప్పి. ముల్లు అప్పుడే ఉంది, నొప్పి మోసుకుపోయే నరమూ అప్పుడే ఉంది. మనసు మాత్రం రంగులరాట్నం దగ్గర ఉంది. మన ధ్యాస పెద్ద చెరువేం కాదు, ఒక బిందె. ఆటకు సగం పోస్తే నొప్పికి మిగిలేది సగమే. 2004లో వాళ్ళు దీన్ని ఎమ్మారై మిషన్‌లో చూశారు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల పాదానికి ఓర్చుకోగలిగినంత వేడి తగిలిస్తూ, వీఆర్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి మెదడు బొమ్మలు తీశారు. నొప్పి కబురు అందుకునే 5 చోట్లా వీఆర్ ఉన్నప్పుడు కదలిక బాగా తగ్గింది. పాప నొప్పి లేదని నటించడం కాదు, నిజంగానే తక్కువ తెలుస్తుంది.

ఇంత చెప్పి ఒక మాట దాచితే అబద్ధం చెప్పినట్టే. పిల్లల్లో దీని మీద జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి 2020లో కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు లెక్క తీశారు, వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేయడమే వాళ్ళ పని. 17 పరీక్షలు, 1008 మంది పిల్లలు. తగ్గుతుందని కొన్ని చెప్పాయి, పెద్ద తేడా లేదని కొన్ని చెప్పాయి. ఆధారం ఇంకా బలంగా లేదని వాళ్ళు తేల్చారు. అంటే మీ పాపకు పనిచేయొచ్చు, చేయకపోనూవచ్చు. ఒక్క డ్రెస్సింగ్‌తో తెలిసిపోతుంది. తమ్ముడి డబ్బా ఉండగా కొనొద్దన్నది అందుకే. దేవుని దయ ఉంటే ఇంకో నాలుగైదు వారాల్లో కట్లే ఉండవు, ఆ డబ్బా బీరువా మీదికి పోతుంది. ఆ డబ్బుతో పాపకు గుడ్లు, పాలు, పప్పు పెట్టు. కాలిన చర్మం మళ్ళీ అల్లుకోవడానికి మాంసకృత్తులు కావాలి.

ఇంక మీ అత్త.

పెద్దామె మాటను కొట్టిపారేయొద్దు. కండ్ల గురించి ఆమె భయం పూర్తిగా తప్పు కాదు. క్వెస్ట్ అనే పేరుతో ఇట్లాంటి హెడ్‌సెట్లు చేసే మెటా కంపెనీ వాళ్ళే పదేండ్లు నిండని పిల్లలకు వద్దంటారు. 2023 దాకా పదమూడు అనేవాళ్ళు, అప్పుడు పదికి దించారు. మీ పాపకు పదకొండు కాబట్టి పెద్దవాళ్ళు పక్కనుంటే పెట్టొచ్చు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉంటే అక్క పెట్టుకుందని వాళ్ళూ మారాం చేస్తారు, ఇవ్వొద్దు. రోజు మార్చి రోజు ఇరవై ముప్పై నిమిషాలు, అదీ కొన్ని వారాలు పెట్టుకుంటే కండ్లు పోవు. కండ్లు గుంజుతున్నాయనో తల తిరుగుతోందనో పాప అంటే వెంటనే తీసేయి. మూర్ఛ ఉన్న పిల్లలకు మాత్రం డాక్టరును అడక్కుండా పెట్టనే కూడదు. మీ పాపకు చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చి ఉంటే అది కూడా చెప్పు.

నొప్పి తెలియకపోతే పుండు మానదన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. అది మన అందరి ఇండ్లల్లో ఉన్న మాటే, మా అవ్వ కూడా అనేది. నొప్పికీ మానడానికీ అట్లాంటి లింకేమీ లేదు. నొప్పికి భయపడిన పిల్ల అన్నం తినదు, నిద్రపోదు, మోకాలు ముడుచుకుని కదలకుండా పడుకుంటుంది. ముడుచుకున్న మోకాలు అట్లాగే బిగుసుకుపోతే తర్వాత సాపు చేయడం చాలా కష్టం. మీ పాపది సరిగ్గా మోకాలి దగ్గరే. ఫిజియోథెరపీ వాళ్ళు కాలు చాపించేటప్పుడు కూడా ఈ డబ్బా పనికొస్తుంది, సియాటిల్లో అది కూడా చేసి చూశారు. కాబట్టి అత్తతో “నొప్పి తగ్గితే పాప అన్నం తింటుంది” అను. నా అనుభవంలో ఏ అవ్వా ఆ మాటకు ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకంటే ఆ డబ్బా కంటే ముందు కట్టు విప్పే చేయి సరిగ్గా ఉండాలి.

నేను కర్నూలు జిల్లాలో ముప్పై ఏండ్ల పైన సిస్టర్‌గా చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా సీనియర్లు “ఒక్కసారి లాగేస్తే పోతుంది, నానిస్తే ఎక్కువసేపు ఏడుస్తారు” అనేవాళ్ళు. నేనూ అట్లాగే నేర్చుకున్నా, అట్లాగే లాగాను. ఒకరోజు ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన పిల్లోడు, ఆరేడేండ్లు ఉంటాయి, చేయంతా కాలి ఉంది. కట్టు మీద నా చేయి పడగానే నా తెల్లచీర కొంగు పట్టుకుని “నీళ్ళు పోయి సిస్టరమ్మా, నీళ్ళు పోయి” అన్నాడు. ఏడవలేదు, బతిమాలాడు. ముందురోజు ఇంకో సిస్టర్ సెలైన్ పోసి నానబెట్టి తీసిందంట, జారి వచ్చిందంట, వాడికి గుర్తుంది. నా వెనక ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు. నేను పోయలేదు. లాగాను. ఎండిన గాజ్ గుడ్డతో పాటు కొత్తగా వచ్చిన పల్చటి చర్మం కూడా లేచి వచ్చింది, రక్తం చిమ్మింది. వాడు అప్పుడు కూడా పెద్దగా ఏడవలేదు. నా కొంగు వదిలేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మీ పాప ఇంటికొచ్చాక నీతో మాట్లాడదని రాశావే, అది చదివితే నాకు వాడు గోడ వైపు తిరగడం గుర్తొచ్చింది.

ఆ తర్వాత నేను సెలైన్ సీసా చేతిలో లేకుండా కట్టు ముట్టుకోలేదు. నువ్వు కూడా మీ సిస్టర్‌ను అడుగు, “కొంచెం నానబెట్టి తీయండమ్మా, మేము ఆగుతాం” అని. ‘మేము ఆగుతాం’ అనడం మర్చిపోవద్దు, సిస్టర్ల గొడవంతా టైందే. పుండుకు అతుక్కోని రకం గుడ్డలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, పాప గాయానికి పనికొస్తాయేమో డాక్టరును అడగొచ్చు.

సరే, తమ్ముడు డబ్బా తెచ్చాడనుకో. మొదటిసారి దాన్ని డ్రెస్సింగ్ రూంలో పెట్టొద్దు. అక్కడ మొదలుపెడితే, ఆ డబ్బా కనపడితే చాలు ఏడుపు మొదలయ్యే రోజు వస్తుంది. ముందురోజు ఇంట్లో, మంచం మీద, కాలు చాపి పడుకుని ఆడనివ్వు. డ్రెస్సింగ్‌కు పాప ఎట్లా పడుకుంటుందో అట్లాగే. పడుకుని ఆడితే కొన్ని ఆటల్లో ఆట కండ్ల ఎదుట ఉండదు, ఆటలోని పైకప్పే కనపడుతుంది, దాన్ని సరిచేయడం తమ్ముడికి తెలిసి ఉండాలి. ఆట ఏది అంటే, ఊరికే చూసేది కాదు, చేత్తో ఏదో ఒకటి చేసేది. విసిరేదో, పట్టుకునేదో, గురి చూసి కొట్టేదో. చూసే బొమ్మ అయితే నొప్పి వచ్చినప్పుడు ధ్యాస అటే పోతుంది. చేతికి పని ఉంటే అంత సులభంగా పోదు. కానీ ఒంటిచేత్తో, కాలు కదపకుండా ఆడేది కావాలి. డాన్సులు, కత్తియుద్ధాలు వద్దు. రోలర్ కోస్టర్ అసలే వద్దు, వాంతి చేసుకుంటుంది, అప్పుడు సిస్టర్ మిమ్మల్నీ డబ్బానూ కలిపి బయటికి పంపిస్తుంది. ఆస్పత్రిలో వైఫై ఉంటుందని నమ్ముకోవద్దు, ఆట ఇంట్లోనే దించుకుని రావాలి. చార్జింగ్ రెండు గంటలకు అటూ ఇటూ వస్తుంది. వరుసలో కూర్చున్నప్పుడే ఆడేస్తే లోపలికి పిలిచేసరికి చార్జింగ్ అయిపోతుంది, జాగ్రత్త.

ఇంకోటి, ఇది మన సీమ వాళ్ళకు ప్రత్యేకం. ఆ డబ్బాలో ఉండే అద్దాలు భూతద్దాల్లాంటివి. బస్సులో కిటికీ పక్కన అద్దాలు ఎండ వైపు పెట్టి వదిలేస్తే లోపలి తెర కాలి మచ్చలు పడతాయి. సంచిలో, గుడ్డ చుట్టి తీసుకపోండి.

శుభ్రం సంగతి సిస్టర్ అడక్కముందే నువ్వు చెప్తే ఆమెకు సగం అనుమానం పోతుంది. మొహానికి తగిలే మెత్త చెమట పీలుస్తుంది, దాని బదులు తుడుచుకోగలిగే సిలికాన్ తొడుగు దొరుకుతుంది. తొడుగును, పట్టీని, చేతిలో పట్టుకునే వాటిని క్రిములను చంపే వైప్స్‌తో తుడవాలి. అద్దాలకు మాత్రం స్పిరిట్ తగలకూడదు, పొడి మెత్తటి గుడ్డ చాలు. డ్రెస్సింగ్ రూంలో అందరూ తలా ఒకసారి పెట్టుకుని చూస్తామంటారు, మొహమాటపడొద్దు. పుండ్లున్న పిల్లకు పెట్టేది, పదిమంది మొహాలకు తగలకూడదు.

ఒక్క సిస్టర్‌కు మాత్రం, తుడిచి, రెండు నిమిషాలు పెట్టి చూపించు. ఇది నా సొంత కిటుకు. చూడని మనిషి “ఇవన్నీ ఇక్కడ కుదరవు” అంటుంది. ఒకసారి పెంగ్విన్నో చేపనో చూసిన మనిషి “ఇట్లా పెట్టు, నేను ఇటు నుంచి చేస్తా” అంటుంది. డాక్టరు సరేనన్నాకే సుమా, నేను చెప్పానని నేరుగా తీసుకపోవద్దు.

గదిలోకి పోయాక గుడ్డకు చేయి తగలకముందే డబ్బా పెట్టండి, ఓ ఐదు నిమిషాలు ఆడి ఆటలో పడనివ్వండి. కొత్త కట్టు ముడి వేసేదాకా తీయొద్దు. నువ్వు తల దగ్గర నిలబడు, కాలి దగ్గర కాదు. పాప కండ్లకు డబ్బా అడ్డం ఉంటుంది కాబట్టి ఎవరి చేయి ఎక్కడ పడుతుందో తెలియక ఉలిక్కిపడుతుంది. తొడ మీద చల్లటి సెలైన్ పడేముందు ఒక మాట చెప్పాలి, “ఇప్పుడు చల్లగా తగుల్తుంది నాయనా” అని. ఆటలో ఏముందో అడుగుతూ ఉండు. “ఎన్ని కొట్టినావు? అది ఏం రంగు?” అను. “నొప్పుందా, నొప్పుందా” అని అడగొద్దు. పాప ఎడమచేయి ఎత్తితే సిస్టర్ ఆగుతుందని ముందే మాట్లాడుకోండి. ఎత్తినప్పుడు నిజంగా ఆగాలి. ఒక్కసారి ఆగకపోయినా ఆ చేయి మళ్ళీ ఎత్తదు, తన్నడమే.

డబ్బా పెట్టుకోను, నా కాలు నేను చూడాలి అని మీ పాప అనొచ్చు. అట్లాంటి పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్ళకు కండ్లు కప్పితే భయం రెట్టింపవుతుంది. బలవంతం చేయొద్దు. పైన చుట్టిన బ్యాండేజీ పాపనే విప్పనివ్వు, సెలైన్ సీసా పాప చేతికే ఇచ్చి పోయించమని సిస్టర్‌ను అడుగు. తన చేతిలో ఏదో ఒకటి ఉంటే పిల్లలు ఎంత ఓర్చుకుంటారో చూస్తే ఆశ్చర్యపోతావు. తమ్ముడు రాలేకపోయినా దిగులు పడొద్దు. సబ్బునీళ్ళ బుడగలు ఊదే డబ్బా అంగళ్ళలో దొరుకుతుంది, కొనుక్కుని పో. బుడగ పగలకుండా పెద్దది ఊదాలంటే ఊపిరి మెల్లగా వదలాలి, మెల్లగా వదిలితే ఒళ్ళు బిగుసుకోదు. సెల్‌ఫోన్‌లో ఆట కూడా కొంత పనిచేస్తుంది. వీఆర్ డబ్బా గొప్పదనమల్లా గదిని కనపడకుండా చేయడం. ట్రేలో కత్తెర, బకెట్లో పాత కట్లు, పక్క మంచం మీది పిల్లోని ఏడుపు, ఇవన్నీ మాయమవుతాయి. ఫోన్ అంత చేయలేదు.

మొహం కాలినవాళ్ళకు ఇది పెట్టలేమని ఇంకెవరైనా చదువుతూ అనుకుంటారేమో, నిజమే, తలకు కట్టేది పెట్టలేం. అమెరికాలో వాళ్ళ కోసం మొహానికి తగలకుండా ఒక ఇనుప చేయికి వేలాడదీసే అద్దాలు చేశారు. నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి గాయం కడిగేటప్పుడు వాడను కరెంటు భయం లేనివి కూడా చేశారు. మన దగ్గరికి అవి వచ్చేదాకా సెలైన్ సీసా, నొప్పి మందే దిక్కు.

నీళ్ళు ఒలికినరోజు పాప కాలి మీద ఏం పూశారో నువ్వు రాయలేదు, నేను అడగను. ఇంట్లో ఇంకా పిల్లలుంటే గుర్తుపెట్టుకో, ఇంకెప్పుడైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టడమే. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, ఐసుముక్క ఏదీ వద్దు. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాతే కాగిన నీళ్ళు.

వచ్చే డ్రెస్సింగ్ ఏ రోజో చూసుకుని తమ్ముణ్ణి ముందురోజు రాత్రికే రమ్మను. అదేరోజు పొద్దున బెంగళూరు నుంచి నేరుగా కడపకు వస్తానంటే ఒప్పుకోవద్దు. పాప ఇంట్లో ఒక పూటైనా ఆడుకుని, ఆ ఆటలో ఎక్కడిదాకా పోయిందో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలని తనకే అనిపించాలి. చార్జర్ మర్చిపోవద్దని చెప్పు.